నోటి తడి

నా నోరు ఎండిపోతోందన్న సంగతి నాకన్నా ముందు మైకుకు తెలిసింది.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. చిన్న వయసులో సినిమాల్లో కోరస్ పాడదామని కాకినాడ నుంచి మద్రాసు వచ్చి, పాట కన్నా మాట బాగా పలుకుతుందని ఎవరో చెబితే ఇటు తిరిగాను. మొదట హీరోయిన్ స్నేహితురాళ్లకు చెప్పాను, తర్వాత హీరోయిన్లకు, వయసు పెరిగే కొద్దీ వదినలకు, అత్తలకు. ఇప్పుడు తమిళం నుంచి తెలుగులోకి వచ్చే ఒక డైలీ సీరియల్లో ఇంటి పెద్దావిడ గొంతు నాదే. ఆవిడ ఎంత కోపం వచ్చినా అరవదు. మాటకీ మాటకీ మధ్య ఆగి, ఎదుటివాళ్లని చూసి, అప్పుడు మిగతాది అంటుంది. అరిచే పాత్రకు ఎవరైనా చెప్పగలరు. ఇలా ఆగి మాట్లాడే పాత్రకు చెప్పాలంటే ఊపిరి మీద, నోటి మీద పట్టుండాలి. నాకు ఆ పట్టు ఉంది. అందుకే ఆ పాత్రకు మొదటి రోజు నుంచి నన్నే పిలుస్తున్నారు.

ఒక రోజు సాలిగ్రామంలో స్టూడియోలో ఉన్నాను. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు తమిళుడు, మా ఆర్టిస్టుల మాటలు వినీ వినీ తెలుగు నేర్చుకున్నవాడు. టేకు అయ్యాక బటన్ నొక్కి అన్నాడు.

"అక్కా, యాక్టింగ్ బాగుంది. కానీ ఏదో చప్పుడు వస్తోంది. ఒకసారి వినండి."

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. పెద్దావిడ ఆగిన ప్రతి చోటా సన్నగా 'టప్' మని శబ్దం. అంటించిన కాగితం ఊడదీస్తే వచ్చే చప్పుడులా ఉంది.

"గాజులా?" అన్నాను. గాజులు ఎప్పుడో తీసి బయట పెట్టాను, అయినా అడిగాను.

"కాదక్కా. మీ నోరే. లోపల తడి లేదు. నాలుక అతుక్కుని వదులుతోంది."

నీళ్లు తాగి మళ్లీ చెప్పాను. ఒక వాక్యం వరకు శుభ్రంగా వచ్చింది. రెండో వాక్యానికి మళ్లీ మొదలు. ఆ పూట ప్రతి డైలాగుకూ ఓ గుక్క నీళ్లు తాగుతూ, మధ్యమధ్య బాత్‌రూమ్‌కి పరిగెత్తుతూ పని ముగించాను. ఇంజనీరు పాపం విసుక్కోలేదు. కానీ నేను బయటికి వస్తుంటే, ఆ చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే చెరుపుతూ కూర్చున్నాడు. నా పనిని ఇంకొకరు శుభ్రం చేయడం నాకు అదే మొదటిసారి.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. అంతకుముందు నెలే నాకు ఒకవైపు తలనొప్పి ఎక్కువై, స్పెషలిస్టు డాక్టరు రోజూ వేసుకోమని ఒక మాత్ర రాశారు. తలనొప్పి బాగా తగ్గింది. నోరు ఎండడం కూడా అప్పుడే మొదలైంది. మాత్ర మానేస్తే తలనొప్పి వస్తుంది, తలనొప్పి వస్తే చీకటి గదిలో పడుకోవడమే తప్ప మైకు ముందు నిలబడలేను. కాబట్టి మాత్ర ఉండాలి, నోట్లో తడీ ఉండాలి. ఆ రెండూ కుదిరే దారి ఏదో ఒకటి దొరుకుతుందని నాకు మొదటి నుంచీ నమ్మకమే.

మేముండేది మాధవరంలో. మావారిది ఎప్పుడో తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. మా అత్తగారు పుట్టి పెరిగింది రాయపురంలో. ఆవిడ తెలుగు నా తెలుగులా ఉండదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ మాట్లాడేది సగమే అర్థమయ్యేది నాకు. నేను మాట్లాడేది వార్తలు చదివినట్టుందని ఆవిడ నవ్వేవారు. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. కళ్లు కాస్త మందగించాయి గానీ, పళ్లెంలో ఎవరు ఏం వదిలేశారో ఇప్పటికీ కనిపెడతారు.

ఆ సాయంత్రం ఇడ్లీ, కారప్పొడి తింటున్నాను. పొడి నోట్లో సిమెంటులా అతుక్కుపోతోంది. ముద్దకో గుక్క నీళ్లు తాగుతున్నాను. ఆవిడ కాసేపు చూసి అడిగారు.

"ఏందమ్మణ్ణీ, తింటా ఉండావా, మింగతా ఉండావా?"

"నోరు ఎండిపోతోంది అత్తయ్యా. తలనొప్పి మాత్ర వల్ల."

"ఎన్నాళ్లుగా?"

"నెలవుతోంది."

"నెలగా నాకు చెప్పకుండా ఉండావు. ఈడ నేను దేనికి ఉండేది?" అని లేచి, ఫ్రిజ్‌లోంచి ఉప్పులో ఊరిన ఉసిరికాయ తెచ్చి ముక్క చేతిలో పెట్టారు. "నమలొద్దు. దౌడలో పెట్టుకో. ఊరతాది చూడు."

ఊరింది. ఎన్నో రోజుల తర్వాత నోరు నిండా నీళ్లు ఊరాయి. మింగుతుంటే ప్రాణం లేచి వచ్చినట్టయింది. మర్నాటి నుంచి చిన్న డబ్బాలో ఉసిరిముక్కలు వేసుకుని స్టూడియోకి వెళ్లడం మొదలుపెట్టాను. టేకుకు ముందు ఓ ముక్క, అయ్యాక ఓ ముక్క. చప్పుడు బాగా తగ్గింది.

కానీ ఉసిరి పులుపు పళ్లకు పట్టింది. రెండు వారాలకే చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. పళ్ల డాక్టరు చూసి, లాలాజలం తక్కువగా ఉన్న నోట్లో రోజంతా పులుపు ఉంచుకుంటే పళ్లు అరుగుతాయని, ఎప్పుడో ఒకసారి భోజనంతో తింటే పరవాలేదని అన్నారు. ఇంటికొచ్చి చెప్పాను.

"సరి. అది వద్దు," అన్నారు అత్తగారు. ఒక మందు కుదరకపోతే ఆవిడ దాని గురించి మళ్లీ ఆలోచించరు. "అతిమధురం తెస్తాం. అది తీపి. పల్లుకు ఏమీ కాదు."

ఇద్దరం కలిసి రాయపురంలో ఆవిడకు చిన్నప్పటి నుంచి తెలిసిన నాటుమందుల కొట్టుకు వెళ్లాం. అక్కడి చేపల వాసనలో, లోడు దించుతున్న లారీల మధ్య నడుస్తూ ఆవిడ నా కన్నా చురుగ్గా ఉన్నారు. కొట్టాయన ఎండిన పసుపు రంగు అతిమధురం వేళ్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. ఆవిడ ఒకటి విరిచి, వాసన చూసి, నాకిచ్చారు. నమిలితే మొదట కట్టెపుల్లలా ఉంది. తర్వాత తియ్యదనం మెల్లగా నాలుకంతా పరుచుకుంది. దాంతో పాటు తడీ వచ్చింది. ఉసిరిలా ఒక్కసారిగా పొంగి ఆగిపోవడం కాదు, నిదానంగా వచ్చి నిలిచింది. గొంతుకు కూడా హాయిగా ఉంది.

ఇక నేను ఆగలేదు. పొద్దున నమిలేదాన్ని, స్టూడియోలో నమిలేదాన్ని, సాయంత్రం పొడి చేసి నీళ్లలో మరిగించి తాగేదాన్ని. నా గొంతు పదేళ్లు వెనక్కి వెళ్లిందని ఇంజనీరు అన్నాడు. సీరియల్లో కోడలి పాత్రకు చెప్పే అమ్మాయి కూడా నా దగ్గర ఓ పుల్ల తీసుకుని నమిలేది. నోరెండడం గురించి ఎవరు మాట్లాడినా నేను సలహా చెప్పేదాన్ని.

కొన్ని వారాలకు చెప్పులు బిగుసుకున్నాయి. ఎండాకాలం కదా, కాళ్లు ఉబ్బుతాయిలే అనుకున్నాను. తర్వాత తల బరువుగా ఉండడం, మెట్లెక్కితే కాళ్లు పీకడం. పాత తలనొప్పి కాదు అది, వేరేరకం. నాకు బీపీ ఉంది. దానికి మాత్ర వేసుకుంటాను, ఎప్పుడూ అదుపులోనే ఉంటుంది. మా వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే అత్తగారు కూడా వచ్చారు. బీపీ చూసిన డాక్టరమ్మ మళ్లీ చూశారు. ఇంకో చేతికి పట్టీ చుట్టి అక్కడా చూశారు.

"మాత్రలు మానేశారా?" అని తమిళంలో అడిగారు.

"లేదు. రెండూ వేసుకుంటున్నాను."

"కొత్తగా ఇంకేమైనా తీసుకుంటున్నారా?"

"ఏమీ లేదు."

ఆవిడ పెన్ను పక్కన పెట్టి, కుర్చీ నా వైపు జరిపారు. "మందులు అడగడం లేదు. నోట్లో వేసుకునేవన్నీ చెప్పండి. టీ, కషాయం, పొడి, ఏదైనా."

అప్పుడు అత్తగారే అతిమధురం సంగతి చెప్పారు. ఎంత తీసుకుంటున్నానో కూడా చెప్పారు. డాక్టరమ్మ తల ఊపి, మా ఇద్దరికీ అర్థమయ్యేలా వివరంగా చెప్పారు. ఆ వేరు మంచిదే, దగ్గుకు కొద్ది రోజులు కొంచెం వాడితే ఇబ్బంది లేదు. రోజూ ఇంతింత తీసుకుంటే మాత్రం ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. పొటాషియం తగ్గిస్తుంది. బీపీ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. రక్తం పరీక్షకు పంపారు. పొటాషియం నిజంగానే తగ్గింది. దానికి మందిచ్చి, వేరు ఆ రోజుతో ఆపమన్నారు.

బయటికి వచ్చాక అత్తగారు తల వంచుకుని నడుస్తున్నారు. ఆవిడ బాధపడుతున్నారేమోనని నేనే అన్నాను.

"మీరేం చేస్తారు అత్తయ్యా, కొంచెం తీసుకోమంటే నేను కట్టెలు కట్టెలు నమిలేశాను."

"నేనేమీ దుఃఖపడ్లే," అన్నారు ఆవిడ. "యోచన చేస్తా ఉండాను. ఊరేది మనకు ఒత్తుకోలే. పులుపూ ఒత్తుకోలే, తీపీ ఒత్తుకోలే. నీ మాత్ర ఆడ లోపల అడ్డం కూచోని ఉండాది. అది ఊరనీదు. అట్టయితే ఊరించేది దేనికి? ఉమ్మి మాదిరి ఉండేదాన్ని మనమే పోస్తే సరి కదా."

ఒత్తుకోలే అంటే ఆవిడ భాషలో పడలేదని. నేను రోడ్డు పక్కనే ఆగిపోయాను. మెట్రో తవ్వకాల దుమ్ము మధ్య అంత తెలివైన మాట వింటానని అనుకోలేదు. నీళ్లు తాగితే ఎందుకు నిలవదో నాకప్పుడు అర్థమైంది. నీళ్లు జారిపోతాయి. ఉమ్మి జారిపోదు, జిగురుగా అంటి ఉంటుంది. మాకు కావలసింది జిగురు.

వంటింట్లో జిగురున్న వస్తువులకు కొదవేముంది? ముందు బెండకాయలు. ముక్కలు నానబెట్టి ఆ నీళ్లు తాగాను. నోటికి మెత్తగానే ఉంది గానీ, పచ్చివాసనకు రెండో గుక్క దిగలేదు. తర్వాత మెంతులు. జిగురు బాగానే వచ్చింది. చేదు సంగతి సరే, స్టూడియోలో నా పక్కన నిలబడిన అమ్మాయి "మేడమ్, ఎవరో మెంతికూర వండుతున్నారా?" అంది. మెంతుల వాసన చెమటలో కూడా వస్తుందని నాకు తెలీదు. ఆ తర్వాత సబ్జా గింజలు. ఎండాకాలంలో ఎంత చల్లగా ఉన్నాయో. సగం గ్లాసు తాగి ధీమాగా మైకు ముందుకెళ్లాను. పెద్దావిడ కొడుకుని చూసి "నువ్వు నా బిడ్డవేనా?" అనాలి. "నువ్వు" దగ్గరే పంటి కింద గింజ చిట్లింది. ఇంజనీరు అద్దం అవతల తల పట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అత్తగారు కూడా నవ్వి, "గింజ వద్దు, జిగురు మాత్రం కావాల. అట్టయితే ఆళి విత్తులు," అన్నారు. ఆళి విత్తులంటే అవిసె గింజలు. మావారు షుగరుకు మంచిదని తెచ్చి, తినకుండా అలమారలో పెట్టిన డబ్బా ఉంది. వాటిని నీళ్లలో వేసి సన్నటి సెగ మీద పెట్టాం. కాసేపటికి నీళ్లు చిక్కబడి, గుడ్డులో తెల్లసొనలా సాగాయి. నేను చల్లారాక వడకడదామని పక్కన పెట్టాను. చల్లారాక అది గుడ్డలోంచి దిగనే లేదు, గింజలూ జిగురూ కలిసి ముద్దయి కూర్చుంది.

"సూడుగా ఉన్నప్పుడే వడగట్టాల," అన్నారు ఆవిడ. సూడంటే వేడి.

"ముందే చెప్పొచ్చుగా."

"నేనూ ఇప్పుడే కదా నేర్చుకుంటా ఉండాను."

రెండోసారి పొయ్యి మీంచి దించగానే పల్చటి పాత నూలుపంచె గుడ్డలో పోసి, గరిటెతో నొక్కి వడకట్టాం. వచ్చిన జిగురులో మరిన్ని కాచిన నీళ్లు కలిపి పల్చన చేశాం. రుచంటూ ఏమీ లేదు. అదే దాని మంచిగుణం. ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గల్లోకి, నాలుక కిందికి తిప్పి, మెల్లగా మింగాను. నోరంతా ఎవరో పల్చగా పట్టు పరిచినట్టుంది. ఆవిడ నన్నే చూస్తున్నారు. సీరియల్లో పెద్దావిడ మాట ఒకటి అక్కడే, వంటింట్లోనే చెప్పాను. ఆగాల్సిన చోట్ల ఆగుతూ, నెమ్మదిగా. ఎక్కడా చప్పుడు లేదు.

"సరే, ఇది కూడా డాక్టరమ్మకు చెప్పాల," అన్నారు అత్తగారు. నేను అనబోయేదే ఆవిడ అన్నారు.

డాక్టరమ్మ విని, వాడుకోవచ్చన్నారు. మాత్రలు వేసుకునే సమయానికి మాత్రం తాగొద్దు, జిగురు మాత్రను సరిగా ఒంటికి పట్టనివ్వదు, మధ్యలో రెండు గంటలు ఎడం ఉండాలి అన్నారు. తలనొప్పి డాక్టరుతో కూడా మాట్లాడమన్నారు. ఆయన మాత్ర మోతాదు సగానికి తగ్గించి చూద్దామన్నారు. సగం మాత్రకు తలనొప్పి రాలేదు. నోరెండడం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగతాది జిగురు నీళ్లు చూసుకున్నాయి. వేరు మానేశాక కాళ్ల వాపు తీసింది, బీపీ మళ్లీ దారికొచ్చింది.

ఆ తర్వాతే సీరియల్లో పెద్ద సన్నివేశం వచ్చింది. పెద్దావిడ భర్త ఫొటో ముందు ఒంటరిగా కూర్చుని, ఇంట్లో ఎవరికీ చెప్పుకోనివన్నీ చెప్పుకుంటుంది. తమిళంలో నటించినావిడ ఆ సీనంతా కట్ లేకుండా చేసింది. వెనక సంగీతం కూడా పెట్టడం లేదని, ఆర్టిస్టు ఊపిరి తప్ప ఏమీ వినపడకూడదని డబ్బింగ్ డైరెక్టరు ముందే చెప్పాడు. ముక్కలుగా చెప్పి అతికిద్దామా అని కూడా అడిగాడు. నా నోటి సంగతి ఆయనకు తెలుసు.

"వద్దు. ఒకేసారి చెబుతాను," అన్నాను.

ఫ్లాస్కులోంచి గుక్కెడు జిగురు నీళ్లు పోసుకుని, నోరంతా తిప్పి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాను. లైటు వెలిగింది. తెరమీద ఆవిడ ఫొటో వైపు తలెత్తింది. ఆవిడ పెదవి కదలడం, నా మాట రావడం ఒకేసారి జరిగాయి. చాలా రోజులుగా మైకు ముందు సగం మనసు నాలుక మీదే ఉండేది, ఇప్పుడు అతుక్కుంటుందా, అప్పుడు అతుక్కుంటుందా అని. ఆ రోజు నాలుకనే మరిచిపోయాను. ఆవిడ భర్తతో మాట్లాడుతుంటే నేనూ మాట్లాడాను. ఆవిడ ఆగితే ఆగాను. చివర్లో ఆవిడ నవ్వుతుంది, ఆ నవ్వు మధ్యలో గొంతు జీరబోతుంది. ఆ జీర నాకు కావలసిన చోట, కావలసినంతే వచ్చింది.

అయ్యాక ఇంజనీరు మొత్తం మళ్లీ విన్నాడు. తర్వాత బటన్ నొక్కి, "ఏమీ చెరపాల్సింది లేదక్కా," అన్నాడు. నా వృత్తిలో దాన్ని మించిన మెచ్చుకోలు లేదు.

ఈ సంగతి మా వాళ్లందరికీ పాకింది. కొన్నాళ్లకు నాకన్నా సీనియర్ ఆర్టిస్టు ఒకాయన భార్య ఫోన్ చేశారు. ఆయన ఎన్నో ఏళ్లు తండ్రి పాత్రలకు చెప్పిన మనిషి. గొంతులో గడ్డకు రేడియేషన్ ఇచ్చారు. జబ్బు తగ్గింది గానీ, నోట్లో ఉమ్మి పూర్తిగా పోయింది. అన్నం మింగలేరు, రెండు మాటలు మాట్లాడితే నాలుక అంగిలికి కరుచుకుంటుంది.

"నువ్వేదో నీళ్లు తాగుతున్నావటగా అమ్మా, మాకూ చెప్పవా?" అన్నారావిడ.

చెప్పాను. వాళ్ల డాక్టరుని ముందు అడగమని కూడా చెప్పాను. నాది మాత్ర వల్ల వచ్చింది, ఆయనది వేరే కారణం, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఏది పడితే అది ఇవ్వకూడదు అన్నాను. ఆవిడ అడిగారు. పల్చగా చేసి, కొద్దికొద్దిగా, కూర్చునే తాగాలని చెప్పి డాక్టర్లు ఒప్పుకున్నారు.

మొదటిసారి నేనే చేసి తీసుకెళ్దామనుకుంటే అత్తగారు చీర మార్చుకుని తయారయ్యారు. "నేనూ వస్తా. నువ్వు చేస్తే చిక్కగా చేస్తావు," అన్నారు. వాళ్ల వంటింట్లో ఆవిడే నిలబడి కాచి, వేడిమీదే వడకట్టి, ఆయన భార్యకు చూపించారు. ఆయన చెంచాడు తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. మింగాక మా అత్తగారి వైపు చూశారు.

"దీనికి రుచి లేదేంటమ్మా," అన్నారు. పలచబడినా అదే గొంతు.

"రుచి అన్నంలో ఉంటాది సామీ. ఇది తడికి," అన్నారు ఆవిడ.

ఆ మధ్యాహ్నం ఆయన రసం పోసి మెత్తగా కలిపిన అన్నం కొంచెం తిన్నారు. అంతకుముందు నీళ్లు కలిపిన జావ మాత్రమే దిగేది. నోరు మాత్రం మునుపటిలా అవలేదు. రేడియేషన్‌తో పోయినదాన్ని ఏ గింజా తిరిగి తేలేదు, ఆ మాట ఆయనకు వాళ్ల డాక్టర్లు చెప్పారు, ఆయనా ఒప్పుకున్నారు. మళ్లీ డబ్బింగుకు రాలేదు. కానీ ఇప్పుడు పొద్దున్నే పక్కన గ్లాసు పెట్టుకుని, భార్యకు పేపరు చదివి వినిపిస్తున్నారట. ఆవిడ ఫోన్‌లో ఆ సంగతి చెబుతుంటే, వెనక నుంచి ఆయన ఏదో వార్త గట్టిగా చదువుతూనే ఉన్నారు.